వార్షిక నివేదిక: ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల కోసం ఈ ఏడాది చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

సంఘానికి ఉన్న సమయాన్నీ మనుషుల్నీ పది పనులకు పంచకుండా ఈ ఏడాదంతా మిడిల్ స్కూల్ మీదే పెట్టాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. చిన్న తరగతుల పిల్లల్ని అందరూ పట్టించుకుంటారు. పై తరగతులకు వచ్చేసరికి పరీక్షల టెన్షన్ ఇంటిల్లిపాదినీ కదిలిస్తుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ల దగ్గరే "ఎలాగో నెట్టుకొస్తారులే" అనుకుని ఊరుకుంటాం. ఐదో తరగతి దాకా బడి కబుర్లన్నీ ఏకరువు పెట్టిన పిల్ల ఏడో తరగతికల్లా "ఏం లేదు" అని తలుపేసుకుంటే, వయసు అలాంటిది అని సర్దిచెప్పుకుంటాం.

అది వయసు ఒక్కదాని వల్లే జరగదు. విద్యా కమిటీ ఈ ఏడాది మొదట చదివి చర్చించింది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాక్వెలిన్ ఎక్లెస్, ఆమె సహచరులు 1993లో ప్రచురించిన వ్యాసాన్ని. పిల్లలు సొంతంగా నిర్ణయాలు తీసుకోవాలనీ, ఇంటి బయట తమను నమ్మే పెద్దవాళ్లు ఉండాలనీ కోరుకునే వయసులోనే బడి వాళ్ల మీద అదుపు పెంచుతుంది. పీరియడ్‌కో టీచరు మారడంతో ఎవరితోనూ దగ్గరితనం కుదరదు. మార్కులతో పోల్చడం కూడా అప్పుడే ఎక్కువవుతుంది. ఎదిగే పిల్లలకూ బడి అమరికకూ పొంతన లేకపోవడమే అసలు చిక్కు అని ఆ వ్యాసం సారాంశం. వయసును మనం మార్చలేం, అమరికను మార్చగలం. ఈ ఏడాది చేసిన పనులన్నీ ఆ నమ్మకంతో చేసినవే.

మొదటిది అడ్వైజరీ పీరియడ్, అంటే టీచరు పిల్లల బాగోగులు మాట్లాడే పీరియడ్. బడిలో ప్రతి పిల్లనూ పిల్లాణ్నీ బాగా తెలిసిన పెద్దవాళ్లు కనీసం ఒక్కరైనా ఉండాలి. 1989లో అమెరికాలోని కార్నెగీ సంస్థ వేసిన, కౌమార పిల్లల ఎదుగుదలను చూసే కౌన్సిల్ ఇచ్చిన 'టర్నింగ్ పాయింట్స్' నివేదిక గట్టిగా చెప్పిన మాటల్లో ఇదొకటి. పెద్ద బడిని చిన్న చిన్న సమూహాలుగా విడదీయాలని కూడా ఆ నివేదికే సూచించింది. మన బడిలో ఇప్పుడు ఒక్కో టీచరుకు ఒక చిన్న బృందం ఉంది. ఆరో తరగతిలో చేరినవాళ్లు ఎనిమిది పూర్తయ్యేదాకా అదే టీచరు దగ్గర ఉంటారు. అందులో పాఠం ఉండదు, మార్కులుండవు. వారం ఎలా గడిచింది, ఏ సబ్జెక్టు బరువుగా ఉంది, ఎవరితో మాట పట్టింపు వచ్చింది అన్నవే మాట్లాడుకుంటారు.

టీచర్లు మొదట వెనకాడారు. ఉన్న పనికి తోడు ఇంకో పనా అన్నారు, అది న్యాయమైన ప్రశ్నే. అందుకే మనం బడిని అడిగింది అడ్వైజరీ పీరియడ్ ఒక్కటే కాదు. ఒకే పిల్లలకు చెప్పే వేర్వేరు సబ్జెక్టుల టీచర్లు కలిసి కూర్చోవడానికి వారంలో కొంత సమయం కేటాయించమని కూడా అడిగాం. ఆ వేళకు పిల్లలతో ఆటలు, చదరంగం, బొమ్మలు వేయించడం వంటివి మన వాలంటీర్లు తీసుకున్నారు, బడి సిబ్బంది ఒకరు పక్కనే ఉంటారు. బడి నాయకత్వం గురించి ఎన్నో మాటలు వింటాం. నా ఉద్దేశంలో దాన్ని టైమ్‌టేబుల్‌లోనే చూడాలి. హెడ్మాస్టర్ దేనికి పీరియడ్ కేటాయిస్తే బడిలో దానికే విలువ. మన హెడ్మాస్టర్ టైమ్‌టేబుల్‌ను మొదటి నుంచి మళ్లీ వేశారు. ఆ శ్రమ ఎంతో తెలిసిన టీచర్లు ఆ తర్వాత అడ్వైజరీకి ఎదురు చెప్పలేదు.

రెండో పని హాజరు. విద్యా పరిశోధకుడు రాబర్ట్ బాల్ఫాంజ్ బృందం అమెరికాలోని ఫిలడెల్ఫియాలో దాదాపు 13,000 మంది పిల్లల్ని ఆరో తరగతి నుంచి ఏళ్ల తరబడి గమనించి 2007లో ఫలితాలు ప్రచురించింది. హాజరు 80 శాతం దాటకపోవడం, ప్రవర్తనలో ఇబ్బంది, లెక్కల్లోనో ఇంగ్లీషులోనో తప్పడం... ఆరో తరగతిలో వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, ఆ పిల్లలు హైస్కూలు పూర్తి చేయకుండా ఆగిపోయే ప్రమాదం చాలా ఎక్కువని తేలింది. అంటే అంత ముందుగానే కనిపెట్టే వీలుందన్నమాట. మన బడిలో ఇప్పుడు హాజరు తగ్గగానే అడ్వైజరీ టీచరు ఇంటికి ఫోన్ చేస్తారు. "ఎందుకు రాలేదు" అని నిలదీయరు, "నిన్న కనిపించలేదు, అంతా బాగానే ఉందా" అని అడుగుతారు. పిల్లల పేర్లు గానీ రికార్డులు గానీ సంఘం చూడదు, అవి బడి దగ్గరే ఉంటాయి. బడి అడిగినప్పుడు తోడు వచ్చే మనిషినో, ట్యూషన్ చెప్పేవాళ్లనో మనం సమకూరుస్తాం.

ఇక పిల్లల భాగస్వామ్యం. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ఏడాది నాకు ఎక్కువ ఆశ కలిగించింది ఇదే. విద్యా పరిశోధకులు ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, పారిస్ 2004లో రాసిన సమీక్షలో ఎంగేజ్‌మెంట్‌కు, అంటే పిల్లలు బడిలో నిమగ్నం కావడానికి, మూడు ముఖాలని చెప్పారు: చేతల్లో పాల్గొనడం, మనసు పెట్టడం, బుర్ర పెట్టి ఆలోచించడం. మొదటిది బయటికి కనిపిస్తుంది కాబట్టి పెద్దలం దానితోనే తృప్తి పడతాం. నిశ్శబ్దంగా నోట్సు రాసుకునే పిల్లవాడు అసలు అక్కడ ఉన్నాడో లేడో ఎవరూ అడగరు.

విద్యార్థి సంఘానికి ఇన్నాళ్లూ వేదిక అలంకరణ, అతిథులకు పూలు ఇవ్వడం తప్ప పనుండేది కాదు. ఈసారి నిజమైన సమస్య ఒకటి వాళ్ల చేతికే ఇమ్మని కోరాం. వాళ్లు లైబ్రరీని ఎంచుకున్నారు. చూసుకునేవాళ్లు లేక మధ్యాహ్న విరామంలో దానికి తాళం పడేది. పిల్లలు రాసి ఇచ్చిన ప్రతిపాదన నేను చదివాను. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి, రావాల్సిన వాలంటీరు రాకపోతే ఆ రోజు ఏం చేయాలి, గంట కొట్టాక కుర్చీలు ఎవరు సర్దాలి అని గీతలు గీసి పట్టికలో రాశారు. పుస్తకాలు పోతే ఎలా అని హెడ్మాస్టర్ అడిగితే అప్పటికప్పుడు తోచింది చెప్పేయకుండా "వచ్చే వారం చెబుతాం సార్" అన్నారు. చెప్పినట్టే వచ్చారు, తరగతికి ఇద్దరు చొప్పున లెక్క చూసుకునే పద్ధతితో. లైబ్రరీ ఇప్పుడు ఆ వేళ తెరిచే ఉంటోంది. పుస్తకాలు చదవని పిల్లలు కూడా వచ్చి కూర్చుంటున్నారని వాలంటీర్లు చెబుతున్నారు. విరామంలో ఒంటరిగా తిరిగే పిల్లలకు ఒక చోటు దొరకడం చిన్న విషయం కాదు.

ఎనిమిదో తరగతి తల్లిదండ్రుల సమావేశాలు కూడా మారాయి. మార్కుల కాగితం టీచరు చదివి వినిపించే బదులు, పిల్లలే తమ పని చూపించి మాట్లాడారు. ఒక అబ్బాయి కుదరని సైన్సు ప్రయోగం ఉన్న పేజీ తెరిచి, కొలత ఎక్కడ తేడా వచ్చిందో వాళ్ల నాన్నగారికి వేలు పెట్టి చూపించాడు. ఆయన మార్కుల సంగతి ఎత్తలేదు, "మరి మళ్లీ చేస్తే ఏం మారుస్తావు?" అన్నారు.

సాధించలేకపోయింది బడి వేళ మార్చడం. కౌమారంలో నిద్ర వచ్చే సమయమే ఆలస్యమవుతుంది కాబట్టి మిడిల్ స్కూళ్లు, హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుకాకూడదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లో సూచించింది. మన బడి అంతకంటే ముందే మొదలవుతుంది. బస్సులు, ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రుల వేళలు కలవక చర్చ ముందుకు సాగలేదు. వచ్చే ఏడాది బస్సు కమిటీని, తల్లిదండ్రులను ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడతాం.

ఖాతాల వివరాలు కోశాధికారి విడిగా పంపుతున్నారు. లైబ్రరీకి మధ్యాహ్నం రాగలిగే సభ్యులు, ముఖ్యంగా పదవీ విరమణ చేసినవాళ్లు, ఏ వారం వీలవుతుందో విద్యా కమిటీకి ముందుగా చెప్పండి. పట్టిక వేసేది పిల్లలే. ఒప్పుకున్న రోజు రాలేకపోతే వాళ్లకు ముందు రోజే కబురు పెట్టండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి