ఉచిత సాఫ్ట్‌వేరే కదా, శుభలేఖ రేటు ఎందుకు తగ్గలేదు?

మా ప్రెస్సు ఖాతాదారులందరికీ నమస్కారం.

ఈ వేసవి ముహూర్తాలకు శుభలేఖలు వేయించుకున్నవారిలో చాలామంది అడిగిన మాట ఇది: "కంప్యూటర్లన్నీ ఉచిత సాఫ్ట్‌వేరుకు మార్చారట, ఆ మిగులులో మాకేమీ లేదా?" న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

పద్నాలుగేళ్లు మేము పేజీలు కట్టిన సాఫ్ట్‌వేరుకు లైసెన్సు లేదు. కంప్యూటర్ అమ్మినతను ఎక్కించి ఇచ్చాడు, నేను ఆరా తీయలేదు. అంటే నా ఖాతా పుస్తకంలో సాఫ్ట్‌వేరు ఖర్చు అప్పుడూ సున్నా, ఇప్పుడూ సున్నా. పంచడానికి మిగులు లేనిది అందుకే. ఎవరైనా తనిఖీకి వస్తారేమోనన్న బెదురు మాత్రం పోయింది.

నిరుడు పాత కంప్యూటర్ చెడిపోయింది. కొత్తదాని మీద ఆ పాత సాఫ్ట్‌వేరు నడవలేదు. పద్ధతిగా కొందామంటే మూడు కంప్యూటర్లకూ నెలనెలా అద్దె కట్టాలి, అదీ జీవితాంతం. ఆ సమయంలోనే కేరళలోని 'జనయుగం' దినపత్రిక సంగతి తెలిసింది. 2019లో వాళ్లు పత్రిక మొత్తాన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు (ఎవరైనా వాడుకోవడానికి, మార్చుకోవడానికి వదిలిన సాఫ్ట్‌వేరు) మీదికి మార్చారు. రోజూ పత్రిక తెచ్చేవాళ్లకు చాలినది శుభలేఖలకు చాలదా అనుకున్నాను. ఇప్పుడు పేజీలు స్క్రైబస్‌లో, బొమ్మలు ఇంక్‌స్కేప్‌లో, ఫొటోలు జింప్‌లో చేస్తున్నాము.

మీకు కలిగిన అసలు లాభం రేటులో లేదు, పేర్లలో ఉంది. మా పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చి ఉండేవి. మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ తెలుగు (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒకేలా చదివే తెలుగు) వాటిలో ఇమడదు. అందుకని మా ఆపరేటరు ప్రతి పేరూ మళ్లీ టైపు చేసేవాడు, అక్కడే ఒక వత్తు జారేది. పెళ్లికూతురి మేనమామ పేరు తప్పు పడితే ఎంత గొడవో చెప్పనక్కరలేదు కదా! 2024 జనవరిలో వచ్చిన స్క్రైబస్ 1.6లో వత్తులు, గుణింతాలు సరిగా కూర్చుంటున్నాయి. మీరు పంపినది పంపినట్టే పేజీలోకి వస్తుంది. మండలి, తిమ్మన, పెద్దన వంటి ఫాంట్లు ఎవరైనా వాడుకునేలా ఉచితంగానే ఉన్నాయి.

ఇక నష్టం సంగతి. మొదటి రెండు నెలలు ప్రూఫులు ఆలస్యమయ్యాయి. చెయ్యి తిరిగిన ఆపరేటరును మళ్లీ బడిలో కూర్చోబెట్టినట్టయింది. జింప్‌లో దిద్దిన ఫొటో అచ్చుకు వెళ్లే ముందు నాలుగు రంగుల్లోకి మారాలి. దానికి కావలసిన రంగుల ప్రొఫైలు, అంటే ఏ రంగు అచ్చులో ఎలా పడాలో చెప్పే ఫైలు, పెట్టడం మరిచిపోయాము. ఒకరి కార్డు మీద కుంకుమ ఎరుపు కాస్తా ఇటుక రంగుకు దిగింది. మొత్తం మళ్లీ వేసి ఇచ్చాము, కాగితం, ప్లేట్లు అన్నీ నా ఖర్చే. ఉచితం ఎంత ఖరీదో ఆ వారం తెలిసింది.

2024లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు నుంచి వచ్చిన ఒక పరిశోధన పత్రం ప్రకారం, ఇలాంటి సాఫ్ట్‌వేరు లేకపోతే కంపెనీలు సాఫ్ట్‌వేరు మీద ఇప్పటికి మూడున్నర రెట్లు ఖర్చు పెట్టవలసి వచ్చేది. ఆ సాఫ్ట్‌వేరు విలువలో 96 శాతం కల్పించింది దాన్ని రాసేవాళ్లలో 5 శాతం మందేనట. లోకమంతా తినే అన్నం గుప్పెడు మంది వండుతున్నారన్నమాట. అందుకే ప్రతి శుభలేఖ ఆర్డరు నుంచి పది రూపాయలు పక్కన పెట్టి, ఏడాదికోసారి స్క్రైబస్ వాళ్లకు పంపాలనుకున్నాను. అది నా లాభంలోంచే, మీ బిల్లులో కనపడదు.

పాత డిజైన్లు మళ్లీ కావలసినవారు ఒక వారం ముందుగా చెప్పండి. పాత ఫైళ్లు కొత్తదాంట్లో తెరుచుకోవు, మొదటినుంచి కట్టాలి. పాత కార్డు ఒక్కటి ఇంట్లో ఉంటే తెచ్చిపెట్టండి, పని సగం తగ్గుతుంది.