ఫ్రిజ్ తలుపు అరలోని పెట్టె

పద్మారావునగర్,
హైదరాబాద్.

చిరంజీవి కిరణ్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నగారి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. బుజ్జి పిన్ని వాళ్ళు మళ్ళీ ఇల్లు మారుతున్నారు. నువ్వు ఫోన్ చేసి నేటికి పదకొండు రోజులైంది. ఆఫీసులో పని ఎక్కువగా ఉందని స్రవంతి చెప్పింది, సరేననుకున్నాను. నేను ఫోన్లో మాట మొదలుపెట్టగానే మీటింగ్ ఉందంటావు కనుక ఉత్తరమే మేలనిపించింది. మొన్న నల్లగండ్లలో మీ ఇంటికి తెచ్చిన గోంగూర పచ్చడి బయట పెట్టలేదు కదా? ఆ సీసాను ఫ్రిజ్ తలుపు అరలో సర్దుతున్నప్పుడే తెల్లని చిన్న పెట్టె ఒకటి నా చేతికి తగిలింది. స్నేహితుడిదన్నావు. నేను మరేమీ అడగలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి నువ్వు కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తుతుంటే నాకెంత సంతోషమో నీకు తెలుసు. చిన్నప్పుడు ఆయాసంతో రాత్రుళ్ళు నా ఒళ్ళో కూర్చుని నిద్రపోయిన పిల్లవాడు 42.195 కిలోమీటర్లు పరుగెత్తి గచ్చిబౌలి స్టేడియంలోకి వస్తుంటే ఆ రోజు నా కంట నీరు ఆగలేదు. నాలుగు గంటల ఆరు నిమిషాలు పట్టిందని, ఈ ఆగస్టులో ఎలాగైనా నాలుగు గంటల లోపే పూర్తిచేయాలని నీకు పట్టుదలగా ఉందట. పరుగుకు ముందు రాత్రి పెరుగన్నం తిను, కారం జోలికి పోకు. కొత్త బూట్లతో ఆ రోజు పరుగెత్తకు.

ఆ పెట్టె మీది పేరు నేను చదివాను, నాన్నా. ఎరిత్రోపోయిటిన్, 4000 యూనిట్లు. పదిహేడేళ్ళు డయాలసిస్ వార్డులో ఆ సిరంజిని ఈ చేతులతోనే ఇచ్చాను.

నీకు సీతాఫలాలు పంపిన నల్లగొండ మాస్టారు గుర్తున్నారా? నువ్వప్పుడు ఆరో తరగతి. ఆయన మొదటిసారి మా వార్డుకు వచ్చిన రోజు హీమోగ్లోబిన్ 6 ఉంది. మెట్లెక్కుతూ మధ్యలో రెండుసార్లు కూర్చుండిపోయారు. కిడ్నీలు పాడైతే రక్తం తయారుకమ్మని మూలుగకు కబురుపెట్టే ఆ పదార్థం ఒంట్లో తగ్గిపోతుంది, అందుకే దాన్ని సూదితో ఇస్తాము. ఆ రోజుల్లో దాని ఖరీదు తలచుకుంటేనే భయమేసేది. ఆయన భార్య నల్లపూసలు తాకట్టు పెట్టి కొన్న ఇంజక్షన్లను మూతి వెడల్పున్న ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య గుడ్డచుట్టి పెట్టుకుని, దారి పొడవునా దాన్ని ఒళ్ళోనే ఉంచుకుని బస్సులో ఇమ్లీబన్ బస్టాండుకు వచ్చేవారు. మూడు నెలలకు హీమోగ్లోబిన్ పదిన్నరకు చేరింది. ఒకనాడు ఆగకుండా రెండో అంతస్తు దాకా ఎక్కివచ్చి, "సిస్టరమ్మా, ఇవాళ ఎక్కడా కూర్చోలేదు" అని చిన్నపిల్లవాడిలా చెప్పారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. వైశాఖంలో కూతురి పెళ్ళి. పెళ్ళిపనులకు ఓపిక కావాలని, ఒక సూదికి ఇంత బలం వస్తే రెండింటికి ఇంకెంత వస్తుందోనని, మాకెవరికీ చెప్పకుండా ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత అదనంగా వేయించుకున్నారు. నెల తిరిగేసరికి తలనొప్పంటూ వచ్చారు. బీపీ చూస్తే 220. పడుకోబెట్టే లోపే ఫిట్స్ వచ్చాయి. ఒక పక్కకు తిప్పి పట్టుకున్నది నేనే. హీమోగ్లోబిన్ 14 దాటిందని రిపోర్టు వచ్చేసరికే మెదడులో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది కానీ, ముప్పై ఏళ్ళు సుద్దముక్క పట్టిన కుడిచెయ్యి పడిపోయింది. పెళ్ళిలో ఆయన భార్య ఆ చేతిని తన చేత్తో ఎత్తి పట్టుకుంటే కన్యాదానం ధార పోశారు. నేను ఆ పెళ్ళికి వెళ్ళాను.

మీ ఆఫీసువాళ్ళు చేయించిన పరీక్షలో నీ హీమోగ్లోబిన్ 15. ఆ కాగితం నా దగ్గరే ఉంది. వేగం కోసమని ఉన్న రక్తం మీద ఇంకా రక్తం పెంచితే అది చిక్కబడుతుంది. ఆగస్టు ఉక్కలో మూడు, నాలుగు గంటలు చెమటోడిస్తే ఇంకా చిక్కబడుతుంది, అప్పుడు దాన్ని తోడలేక గుండె అలసిపోతుంది. సైకిల్ పందేల వాళ్ళలో ఈ మందు వాడకం ముదిరాకనే 1997లో వారి అంతర్జాతీయ సమాఖ్య రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం దాటిన మగవారిని పందెంలో దిగనివ్వకూడదని నియమం పెట్టింది. వాళ్ళ వెంట డాక్టర్లుంటారు. నీ వెంట ఎవరున్నారు? ఆ పెట్టె ఇచ్చిన స్నేహితుడా?

మా పరుగులో పరీక్షలు ఎవరు చేస్తారని నువ్వు అనవచ్చు. ఈ మందును మూత్రంలో పట్టే పరీక్ష 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికే వచ్చింది. న్యూయార్క్‌లో 2012లో జరిగిన గ్రాన్ ఫాండో అనే సైకిల్ పందెంలో ఇద్దరు ఔత్సాహికులు సరిగ్గా ఈ మందుకే దొరికిపోయారు. ఢిల్లీలో 2023 సెప్టెంబరులో రాష్ట్రస్థాయి పోటీలకు, ఆటగాళ్ళు ఇలాంటి మందులు వాడారేమో పరీక్షించే జాతీయ సంస్థ నాడా అధికారులు వచ్చారని తెలియగానే చాలామంది జారుకుంటే, వంద మీటర్ల ఫైనల్లో ఒక్క కుర్రవాడే పరుగెత్తాడు. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రాన్ని వాళ్ళ కళ్ళెదుటే ఇచ్చి, ఎ, బి అని రెండు సీసాల్లో పోసి సీలు వేయాలి. మందు ఒంట్లోకి ఎలా వచ్చినా జవాబు చెప్పవలసింది ఆటగాడే. స్నేహితుడిదంటే అక్కడ చెల్లదు. అయినా నా బాధ దొరికిపోతావని కాదు. పోయినేడు నీకంటే రెండు నిమిషాలు ముందుగా వచ్చి, నీ భుజం తట్టి నీళ్ళ సీసా ఇచ్చిన ఆ బ్యాంకు ఆయన యాభై దాటిన మనిషి. అలాంటివారిని ఈ సూదితో దాటి ఆ పతకాన్ని ఇంట్లో గోడకు తగిలిస్తే, చిన్ని దాన్ని ముట్టుకుని నువ్వెలా గెలిచావని అడగదా?

అడ్డమైన మాటలతో నిన్ను నొప్పించకూడదని మొదలుపెట్టి చివరికి వార్డులో రోగిని కసిరినట్టే కసిరాను. నిజంగా అది వేరెవరిదో అయితే నా మాటలు మనసులో పెట్టుకోకు, ఈ ఉత్తరం వాళ్ళకు చదివి వినిపించు. నీదే అయి ఇప్పటికే ఒకటి రెండు వేసుకుని ఉంటే కోప్పడను, నాకు చెప్పు. తలనొప్పి ఉందా? పిక్కలో ఒక పక్కనే నొప్పి, వాపు ఉన్నాయా? అలా ఉంటే పరుగు మాట పక్కన పెట్టి ఆ క్షణమే డాక్టరు దగ్గరకు వెళ్ళు, దాచకుండా చెప్పు. మిగిలిన సిరంజిలను చెత్తబుట్టలో పడేయకు. ఇంట్లో చిన్నపిల్ల తిరుగుతోంది. నాకివ్వు, ఎక్కడ అప్పగించాలో నాకు తెలుసు.

ఆదివారం మీ నాన్నగారూ నేనూ వస్తాము. ఈలోగా రక్తకణాల లెక్క చూసే సీబీసీ పరీక్ష చేయించి రిపోర్టు ఉంచు. దానికి పరగడుపున వెళ్ళనవసరం లేదు, రెండు ఇడ్లీలు తిని వెళ్ళు.

ఇట్లు,
అమ్మ