మంత్రి గారూ, ఆపరేషన్ సరే, మలం బ్యాగుల సంగతేంటి?

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, నలుగురిలో మాట్లాడుకునే విషయం కాదు కాబట్టే ఇలా బహిరంగంగా రాస్తున్నాను. నేను కోనసీమలో కొబ్బరి చెట్టు మీంచి పడి నడుము కింద నుంచి చచ్చుబడినవాణ్ణి. కాళ్ళు పోయాయని అందరికీ కనిపిస్తుంది, మలమూత్రాల మీద పట్టు పోయిందని ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. రోజు విడిచి రోజు మలద్వారంలో సపోజిటరీ అనే మందుబిళ్ళ పెట్టి, గ్లౌజు వేసుకుని మలాన్ని వేలితో తీయాలి, ఒక్కోసారి గంట దాటిపోతుంది. ఆ పని చేసేది మా ఆవిడ, అందుకే పుట్టింట్లో ఒక్క రాత్రి ఉండటానికి కూడా ఆమెకి కుదరదు. ఇంతా చేస్తే మధ్యలో ఎప్పుడో బట్టల్లో అయిపోతుంది. పిరుదుల మీద పుండు ఉందా, ఇక అది మానదు. మెడ దగ్గరో ఛాతీ పైభాగంలోనో దెబ్బ తగిలినవాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం, మలం గట్టిపడి నిలిచిపోతే చాలు, బీపీ ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదికొస్తుంది.

దీనికి కొలోస్టమీ అనే ఆపరేషన్ ఒక దారి. పెద్దపేగుని పొట్టకి ఎడమవైపు బయటికి తెచ్చి, స్టోమా అనే ఆ రంధ్రం దగ్గర మలం పడేలా బ్యాగు తగిలిస్తారు, చేతులు పనిచేసేవాళ్ళు కుర్చీలో కూర్చుని సొంతంగా మార్చుకోవచ్చు. ఈ మాట నాకు డిశ్చార్జి రోజున ఎవరూ చెప్పలేదు. అందరికీ చేసేయమని నేననడం లేదు. తిండి, మందులు, టైము కుదిరితే చాలామందికి అవసరమే రాదు. చర్మం పాడవ్వచ్చు, పక్కన హెర్నియా రావచ్చు, కింద నుంచి జిగురు అప్పుడప్పుడు పడుతూనే ఉంటుంది. అన్నీ ఆలోచించే నేను చేయించుకుందామనుకున్నాను. కానీ ఆపరేషన్ ఒక్కసారి, బ్యాగులు జీవితాంతం.

ఎన్టీఆర్ భరోసాలో మాలాంటివాళ్ళకి నెలకి 15,000 ఇస్తున్నారు, పెద్ద సాయమే, కాదనను. మూత్రానికి పెట్టే గొట్టాలు (క్యాథెటర్లు), డైపర్లు, కట్లు, మందులు, మా ఆవిడ మానేసిన కూలి అన్నీ అందులోంచే పోవాలి. బ్యాగులు మా ఊరి మందుల షాపులో దొరకవు కూడా. అవి కొనలేక పాలిథిన్ కవరు కట్టుకుని తిరిగేవాళ్ళున్నారు సార్. ఇంగ్లండ్‌లో శాశ్వత స్టోమా ఉన్నవాళ్ళు డాక్టరు రాసినవి తీసుకునేటప్పుడు కట్టే ప్రిస్క్రిప్షన్ ఛార్జీ కూడా కట్టక్కర్లేదు. మనం అంత దూరం వెళ్ళకపోయినా, పింఛనుతో పాటు నెలనెలా బ్యాగులు, వాటిని చర్మానికి అంటించే ప్లేట్లు ఏరియా ఆసుపత్రిలో ఇప్పించలేమా?

ఇంకొకటి, ఆసుపత్రికొక నర్సుకైనా స్టోమా చూసుకునే పనిలో ట్రైనింగ్ ఇప్పించండి. స్టోమా ఎక్కడ రావాలో ఆపరేషన్‌కి ముందే మమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి గుర్తు పెట్టాలి, పడుకోబెట్టి పెడితే కూర్చున్నాక అది పొట్ట మడతలో పడి బ్యాగు ఊడిపోతుంది. ఖర్చు లేని పని ఇది.

బ్యాగుల మాట తేల్చండి, ఆపరేషన్‌కి డేటు నేను తీసుకుంటాను.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక పింఛనుదారు