ఆపరేషన్‌కి ముందు నీకో ఉత్తరం

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

వందనాలు. నీ మెసేజ్ చూడగానే ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ నువ్వడిగింది ఫోన్లో తేలే సంగతి కాదు. పక్కన చెల్లెమ్మ ఉంటే నువ్వు నోరు విప్పవు, పిల్లలుంటే నవ్వేసి మాట మార్చేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. అంతా ఒకేసారి చదవనక్కర్లేదు, ఓపికున్నప్పుడు కాస్త కాస్త చదువుకో.

"చిన్నప్పటి నుంచీ గుడికి వెళ్తున్నాను, సండే స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పాను, ఎంతమంది సమాధుల దగ్గర నిలబడి వాళ్ల వాళ్లకి ధైర్యం చెప్పానో నీకే తెలుసు. ఇప్పుడు బైపాస్ అనేసరికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా విశ్వాసమంతా ఉత్తిదేనా బావా?" అని కదా అడిగావు. ఉత్తిది కాదురా. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, మిగతావన్నీ తర్వాత.

ఎవరో ఇంటికొచ్చి ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ "విశ్వాసం ఉంటే భయం ఉండకూడదు బ్రదర్" అన్నారని రాశావు. అది చదివాక నాకు చాలాసేపు మనసు కుదురుగా లేదు. ఆయన మంచి మనసుతోనే అని ఉంటాడు. కానీ గుండె బాగాలేని మనిషి నెత్తిన అలాంటి మాట పెట్టి వెళ్లడం న్యాయం కాదు. ఇప్పుడు నీకు ఆపరేషన్ భయం ఒకటి, భయపడుతున్నానే అన్న బెంగ ఇంకొకటి.

ఆ మాటే నిజమైతే గెత్సేమనే తోటలో జరిగినదాన్ని ఏమనాలి? సిలువ ముందు రాత్రి యేసు ప్రభువు నిబ్బరంగా చేతులు కట్టుకుని కూర్చోలేదు. నేల మీద సాగిలపడ్డాడు. "సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అని బతిమాలుకున్నాడు. ఆయన చెమట రక్తబిందువుల్లా నేల మీద పడిందని లూకా రాశాడు. మహా రోదనతో, కన్నీళ్లతో ప్రార్థించాడని హెబ్రీ పత్రిక చెప్తుంది. ఇంకో సంగతి చూడు, ఒంటరిగా ఉండలేక ముగ్గురు స్నేహితుల్ని కాస్త దూరం వెంటబెట్టుకెళ్లి, నాతో మేలుకుని ఉండండ్రా అని అడిగాడు. పాపం వాళ్లు నిద్రపోయారు. తండ్రి మీద ఆయనకున్న నమ్మకంలో లోటు ఉందని మనం అనగలమా? ఆ భయమూ, "నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్న మాటా ఒకే ప్రార్థనలో, ఒకే నోటి నుంచి వచ్చాయి.

బేతనియలో లాజరు సమాధి దగ్గరా అంతే. కాసేపట్లో తానే లేపబోతున్నానని ఆయనకి తెలుసు. అయినా ఏడ్చాడు. చావు అంటే దేవుడికి కూడా ఇష్టం లేదని నాకు అక్కడే అర్థమవుతుంది. పౌలు దాన్ని శత్రువు అన్నాడు, "కడపట నశింపజేయబడు శత్రువు మరణము" అన్నాడు. మన వాళ్లు కొందరు సమాధి కార్యక్రమంలో చావుని ఏదో పెళ్లికి పంపినట్టు మాట్లాడతారు, ఏడ్చేవాళ్లని ఏడవనివ్వరు. నాకది నచ్చదు. థెస్సలొనీకయులకి పౌలు రాసింది నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని. అసలు దుఃఖపడొద్దని ఆయన ఎక్కడా రాయలేదు. శత్రువు గుమ్మంలోకి వస్తే ఒళ్లు జలదరిస్తుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

హుద్‌హుద్ తుపాను సంగతి నీకు వివరంగా ఎప్పుడూ చెప్పలేదు కదా. నువ్వప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయావు, ఇక్కడ ఫోన్లు పనిచేయక నువ్వెంత కంగారు పడ్డావో తర్వాత చెల్లెమ్మ చెప్పింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. గుడికి వెళ్లే మాటే లేదు. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి. హాల్లో కిటికీ అద్దాలు పగిలి లోపలికొచ్చాయి. అందరం లోపలి గదిలోకి వెళ్లి, తలుపుకి మంచం అడ్డం పెట్టి కూర్చున్నాం. అమ్మ నలభై ఆరో కీర్తన అందుకుంది, "దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమును నైయున్నాడు" అని. చూడకుండా చెప్తోంది, ఒక్క మాట తప్పడం లేదు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి గజగజా వణుకుతోంది. "పర్వతములు మునిగినను మనము భయపడము" అంటున్న గొంతూ అమ్మదే, వణుకుతున్న చెయ్యీ అమ్మదే. ఆ రెండిట్లో ఏది అబద్ధం? రెండూ నిజమే. తర్వాత గాలి కాస్త తగ్గాక "అమ్మా, భయపడ్డావా?" అంటే, "భయం వెయ్యదేటి నాయనా? అందుకే కదా ఆయన్ని పిలుస్తన్నాను" అంది. నేను విన్న ప్రసంగాలు చాలా ఉన్నాయి గానీ, ఈ విషయం మీద ఇంతకంటే మంచి మాట వాటిలో వినలేదు.

తుపాను అంటే, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ గుర్తొస్తాడు. 1736 జనవరిలో ఆయన ఓడలో అమెరికా వెళ్తుంటే సముద్రం మధ్య పెద్ద తుపాను వచ్చింది. తెరచాప చినిగిపోయింది, నీళ్లు ఓడ మీదికి వచ్చేశాయి, ఇంగ్లీషు వాళ్లంతా కేకలు పెడుతున్నారు. అదే ఓడలో ఉన్న జర్మనీ మొరేవియన్ విశ్వాసులు మాత్రం పాడుతున్న కీర్తన ఆపలేదు. మీకు భయం వేయలేదా అని తర్వాత వెస్లీ అడిగితే, దేవుడి దయవల్ల లేదన్నారు. మరి ఆడవాళ్లూ పిల్లలూ అంటే, వాళ్లకీ చావంటే భయం లేదన్నారు. ఆయన అప్పటికే పాదిరి, మిషనరీగా వెళ్తున్నవాడు. తనకి మాత్రం చావంటే భయమేనని ఒప్పుకున్నాడు.

ఈ కథని ఇక్కడితో ఆపేసి, చూశారా మీరూ అలా ఉండాలి అని చెప్పేవాళ్లే ఎక్కువ. అసలు సంగతి రెండేళ్ల తర్వాత ఉంది. 1738 మే 24 సాయంత్రం లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటానికి అయిష్టంగానే వెళ్లాడు. రోమా పత్రికకి లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతున్నారు. అది వింటుంటే తన హృదయం వింతగా వెచ్చబడిందనీ, రక్షణ కోసం క్రీస్తునే, క్రీస్తుని మాత్రమే నమ్ముకుంటున్నానని అనిపించిందనీ, తన పాపాలు తీసివేయబడ్డాయన్న నిశ్చయం కలిగిందనీ రాసుకున్నాడు. గమనించావా, తనకి ధైర్యం వచ్చిందని రాయలేదు. తన మీద నుంచి చూపు తీసి క్రీస్తు మీద పెట్టుకున్నాడు, అంతే. అదే మనిషి 1791లో, ఎనభై ఏడేళ్ల వయసులో, చనిపోయే ముందు "అన్నిటికంటే మేలైనది, దేవుడు మనతో ఉన్నాడు" అన్నాడు.

నీ భయం గురించి నేను ఆలోచించాను బావా. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే అందులో రెండు మూడు రకాలు కలిసిపోయి ఉన్నాయి. మత్తు, ఐసీయూ, గొట్టాలు, నొప్పి, వీటి గురించిన భయానికి మత్తు డాక్టర్ని అడుగు. సిగ్గుపడకు, మనసులో ఉన్నదంతా అడిగెయ్. ఇంటి గురించిన బెంగకి ఒక సాయంత్రం చెల్లెమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఎల్‌ఐసీ బాండ్లు, బ్యాంకు కాగితాలు, స్థలం డాక్యుమెంట్లు ఎక్కడున్నాయో చూపించు. నామినీ పేర్లు సరిచూసుకో. అలా చేస్తే అపశకునమనీ, విశ్వాసం తక్కువనీ అనుకోకు. సిలువ మీద అంత వేదనలో కూడా యేసు ప్రభువు తల్లిని యోహానుకి అప్పగించాడు కదా.

చివర్లో ఒక్క లైన్ రాసి వదిలేశావు, "ఆయన ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి" అని. నిన్ను నిద్ర పోనివ్వనిది అదేనని నాకనిపిస్తోంది. కాబట్టి దాని గురించే కొంచెం ఎక్కువ రాస్తాను.

ఈమధ్య పని మీద వన్ టౌన్ వెళ్లి, పాత వీధుల్లో నడుస్తూ ఇద్దరు మనుషుల గురించి ఆలోచించాను. జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్. లండన్ మిషన్ తరఫున 1805లో మన ఊరొచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో చనిపోయాడు, డెగ్రాంజెస్ 1810లో. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకం కళ్లతో చూడలేదు. వాళ్లు ఎంత సాధించారని లెక్క వేస్తే ఏం లెక్క వస్తుంది? ఐదేళ్లలోపే ముగిసిపోయిన పని, సగంలో ఉన్న కాగితాలు. ఆ లెక్క చూపించి దేవుడి ముందు నిలబడాలంటే వాళ్లకీ కాళ్లు వణుకుతాయి.

కానీ వాళ్లు కష్టపడిన ఆ లూకా సువార్తలోనే సిలువ మీద దొంగ ఉన్నాడు. వాడి లెక్క ఇంకా కనాకష్టం. బాప్తిస్మం లేదు, ఒక్క ఆదివారం గుడిలో కూర్చోలేదు, దోచుకున్నది తిరిగి ఇచ్చే వ్యవధి కూడా లేదు. చేతులు మేకులతో కొట్టి ఉన్నాయి, ఇక వాటితో ఏ మంచి పనీ చేయలేడు. నన్ను జ్ఞాపకం చేసుకో అన్నాడు, అంతే. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అని జవాబొచ్చింది. "నాతోకూడ" అన్నాడురా! పరదైసు గురించి ఇంకేమీ వర్ణించలేదు. నువ్వు సండే స్కూల్లో చెప్పిన పాఠాలు, కానుకలు, కట్టించిన ప్రహరీ గోడ, ఇవన్నీ మంచివే, నేను తీసిపారేయడం లేదు. అయితే ఆయన ముందుకి నువ్వు వాటిని పట్టుకుని వెళ్లడం లేదు. ఆ దొంగ ఏ ముఖంతో వెళ్లాడో నువ్వూ నేనూ ఆ ముఖంతోనే వెళ్తాం.

నేను పోర్టులో పనిచేసినన్నాళ్లూ చూసింది ఒకటి చెప్తాను. ఎంత పెద్ద ఓడైనా, ఎంత అనుభవం ఉన్న కెప్టెన్ అయినా, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు చానెల్‌లోంచి సొంతంగా లోపలికి రాడు. మన పైలట్ లాంచీలో వెళ్లి, తాడు నిచ్చెన ఎక్కి ఓడ మీదికి చేరతాడు. అక్కడి నుంచి దారి చెప్పేది ఆయనే. కెప్టెన్‌కి లోపల కంగారుగా ఉండొచ్చు, హాయిగా టీ తాగుతూ ఉండొచ్చు. ఓడ బెర్త్‌కి చేరడం దాని మీద ఆధారపడదు. "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అని గొఱ్ఱెల గురించి ప్రభువన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ తాడు నిచ్చెనే గుర్తొస్తుంది. పట్టు ఆయనది. నువ్వు మత్తులో ఉండి, ఒక్క వాక్యం కూడా గుర్తు తెచ్చుకోలేని ఆ గంటల్లో కూడా ఆ పట్టు సడలదు.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఆపరేషన్ బాగా జరగాలని మేమంతా ప్రార్థిస్తున్నాం, జరుగుతుందనే ఆశ కూడా గట్టిగా ఉంది. కానీ ప్రభువు నీకు ఇచ్చిన నిశ్చయం ఆపరేషన్ గురించి కాదు. 2020 మే 7న తెల్లవారకముందే వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు ఇళ్లలోకి వచ్చినప్పుడు పడుకున్నవాళ్లలో ప్రార్థన చేసుకుని పడుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. భక్తి ఉంటే ఏ హానీ జరగదని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. అగ్నిగుండం ముందు షద్రకు, మేషాకు, అబేద్నెగో మా దేవుడు రక్షించగలడు అన్నారు, ఆ వెంటనే ఒకవేళ రక్షించకపోయినా సరే అన్నారు. నేను నీకోసం ఆ రెండు మాటలూ కలిపే ప్రార్థిస్తున్నాను. పౌలు రోమీయులకి రాసిన జాబితాలో "మరణమైనను జీవమైనను" అని రెండూ ఉన్నాయి చూడు, ఆ రెండిట్లో ఏదీ మనల్ని దేవుడి ప్రేమ నుంచి విడదీయలేదు. నువ్వు ఇంటికొచ్చి ఇంకో పాతికేళ్లు బతికితే ఆ బతుక్కి కూడా ఆ మాట అవసరమే.

చేయాల్సినవి రెండు. మీ పాస్టర్ గారికి ఫోన్ చేసి, ఆస్పత్రిలో చేరేలోపు ఒకసారి ఇంటికొచ్చి ప్రభువు బల్ల ఇమ్మని అడుగు. ఎంత ధైర్యంగా ఉన్నావని అక్కడెవరూ అడగరు, రొట్టె నీ చేతిలో పెట్టి "ఇది నీకొరకు" అంటారు. రెండోది, రాత్రి నిద్ర పట్టకపోతే పెద్ద పెద్ద ప్రార్థనలు పెట్టుకోకు. మార్కు తొమ్మిదిలో దయ్యం పట్టిన పిల్లవాడి తండ్రి అన్నాడే, నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి అని, అదొక్కటి చాలు. ఆయన అంత మాత్రం నమ్మకంతో వస్తేనే ప్రభువు పిల్లవాణ్ణి బాగు చేశాడు, ముందు నీ నమ్మకం సరిచేసుకుని రమ్మని పంపేయలేదు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీశాను. నువ్వు ఆస్పత్రిలో చేరేముందు రోజు పొద్దున్నే దిగుతాను. స్టేషన్‌కి ఎవరూ రావద్దు, ఆటోలో వచ్చేస్తాను. నిన్ను లోపలికి తీసుకెళ్లాక థియేటర్ బయట చెల్లెమ్మ పక్కన నేనుంటాను, నిద్రపోను. మాడుగుల హల్వా తెస్తున్నాను, పిల్లలకి. నీకు డాక్టర్ ఒప్పుకుంటేనే. రక్తం ఎన్ని యూనిట్లు కావాలన్నారో, నీ గ్రూపేమిటో రేపు తప్పకుండా మెసేజ్ పెట్టు, అక్కడి మన కుర్రాళ్లకి ముందే చెప్పి ఉంచుతాను.

నీ బావ