ఆవేశ తరంగం పుట్టిన ప్రతి లోహమూ బంధకం కాదు

సంపాదకులకు,

పొరల పదార్థాలపై మీ విజ్ఞాన పుటలో వచ్చిన వ్యాసం చదివి ఎంతో సంతోషించాను. ఈ విషయం గురించి తెలుగులో రాసేవారు చాలా తక్కువ. అయితే ఆవేశ సాంద్రతా తరంగం, అంటే స్ఫటికంలో ఎలక్ట్రాన్లు అలల్లా ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా పేరుకునే చార్జ్ డెన్సిటీ వేవ్, ఏర్పడగానే ఏ లోహమైనా విద్యుత్ బంధకంగా మారిపోతుందని అందులో రాసిన వాక్యాన్ని సవరించవలసిందిగా కోరుతున్నాను. డిగ్రీ విద్యార్థులు దానిని అలాగే పరీక్షల్లో రాసే ప్రమాదం ఉంది.

భౌతికశాస్త్రవేత్త రుడాల్ఫ్ పైయర్ల్స్ ఆ మాట చెప్పింది ఒకే వరుసలో పేర్చిన పరమాణువుల గురించి. పొరల్లో పరిస్థితి వేరు. నియోబియం డైసెలినైడ్‌నే తీసుకుంటే, సుమారు 33 కెల్విన్ల వద్ద అందులో తరంగం ఏర్పడినా, శక్తి అంతరం, అంటే ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తుల ఖాళీ, ఫెర్మి ఉపరితలంలో (విద్యుత్తును మోసే ఎలక్ట్రాన్ల స్థితులను చూపే ఊహా ఉపరితలంలో) కొన్ని చోట్ల మాత్రమే తెరుచుకుంటుంది కాబట్టి అది లోహంగానే మిగిలి, 7.2 కెల్విన్ల వద్ద అతివాహకం కూడా అవుతుంది.

నిజంగా బంధకమయ్యేది 1టీ అనే స్ఫటిక రూపంలోని టాంటలం డైసల్ఫైడ్. కానీ దాని కారణం ఇంకా లోతైనది. మన ఇళ్ల ముందు వేసే సందు చుక్కల ముగ్గును తలచుకోండి: 1, 4, 3, 4, 1 చొప్పున అయిదు వరుసల్లో పదమూడు చుక్కలు పెట్టి అంచులు కలిపితే ఆరు కొనల నక్షత్రం వస్తుంది. ఈ స్ఫటికాన్ని చల్లబరిచినప్పుడు ఒక్కో పొరలోని టాంటలం పరమాణువులు అచ్చం ఇలాగే, మధ్యనున్న ఒకదాని వైపు పన్నెండు జరిగి, నక్షత్రాలుగా గుమికూడతాయి. పరమాణువుకు ఒకటి చొప్పున పదమూడు ఎలక్ట్రాన్లలో పన్నెండు జతకూడి కింది శక్తి పట్టీలను (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల శ్రేణులను) నింపగా, చివరిది ఒంటరిగా మిగులుతుంది. సగమే నిండిన పట్టీ ఉన్న పదార్థం మామూలు లెక్క ప్రకారం లోహం కావాలి. అయినా 180 కెల్విన్ల వద్ద దాని నిరోధం ఒక్కసారిగా ఎగబాకుతుంది, తిరిగి వేడిచేసినా 220 కెల్విన్ల దాకా దిగిరాదు.

ఒక నక్షత్రంలోని ఎలక్ట్రాన్ పక్క నక్షత్రంలోకి వెళ్లాలంటే అక్కడి ఎలక్ట్రాన్ వికర్షణను తట్టుకోవాలి కాబట్టి ఎక్కడిది అక్కడే నిలిచిపోతుందని, అంటే ఇది మాట్ బంధకమని, 1979లో ఫజెకాస్, తొసాట్టి వివరించారు. పొరలు రెండేసి చొప్పున జతపడితే మొత్తం ఇరవై ఆరు ఎలక్ట్రాన్లవుతాయి, సరి సంఖ్య కనుక అన్నీ జతకూడి పట్టీలు పూర్తిగా నిండుతాయి, మామూలు పట్టీ సిద్ధాంతమే చాలుతుందని ఇటీవలి పరిశోధకులు కొందరు వాదిస్తున్నారు. ఒకే పొరను చూసి తేల్చే విషయం కాదిది, పొర మీద పొర ఎలా కూర్చుందన్నదీ లెక్కలోకి వస్తుంది. నాకు ఈ వాదమే ఎక్కువ ఆసక్తి కలిగిస్తోంది, మీ వ్యాసంలో దాని ప్రస్తావన లేకపోవడం వెలితిగా తోచింది.

ఇలాంటి పదార్థాలపై కాంతిని పంపి, బయటికి వచ్చే ఎలక్ట్రాన్ల శక్తినీ, అవి కదిలే దిశనూ కలిపి కొలిచే ఫోటో ఎమిషన్ ప్రయోగాలకు మన దేశంలోనూ ఇందోర్‌లోని ఇండస్-2 అనే, తీవ్రమైన కాంతిని పుట్టించే యంత్రమైన సింక్రోట్రాన్‌లో ఏర్పాటు ఉంది. సవరణ ప్రచురించేటప్పుడు ఆ సంగతినీ, పదమూడు చుక్కల బొమ్మనూ చేర్చవలసిందిగా మనవి.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం