ఎమోషనల్ కావద్దంటరు, అడిగింది మాత్రం వినరు

ఎడిటర్ గారికి నమస్తే,

ఇందిరమ్మ ఇండ్ల గురించి పేపర్ల రోజూ ఏదో ఒకటి వస్తనే ఉన్నది, ఎవరి పేరు లిస్టుల వచ్చింది ఎవరిది రాలే, బిల్లు పడ్డదా పడలేదా, అంతా అదే లొల్లి. ఇల్లు ఎట్లుండాలె అని అండ్ల ఉండేటోళ్లని ఎవరన్న అడిగిన్రా అనే ముచ్చట మాత్రం నాకు కనపడలే, అందుకే రాస్తున్న, జర పొడుగైతది, ఏమనుకోకుండ్రి.

మాది సికింద్రాబాద్ దిక్కు ఒక పాత బస్తీ. పోయిన సర్కారు స్కీమ్‌ల, రేకుల ఇండ్లు కూలగొట్టి అదే జాగల డబుల్ బెడ్రూమ్ ఇండ్లు కట్టిస్తమన్నరు. కట్టకముందు ఒక్కటంటే ఒక్కటే మీటింగ్ పెట్టిన్రు, అదీ పొద్దున 11 గంటలకి, అంటే కూలికి పోయేటోళ్లు, ఇండ్లల్ల పనికి పోయే ఆడోళ్లు ఎవ్వరూ బస్తీల ఉండని టైముకి. ఒక సారు గోడకి ప్లాన్ అతికించి ఇది హాలు ఇది కిచెన్ అని చూపించిండు. మా నాయనమ్మ లేచి "బిడ్డా, మరి పోచమ్మ గద్దె ఏడుంటది ఇండ్ల?" అనడిగింది. వెనక నుంచి ఇంకొక పెద్దాయన "మనిషి పోతే ఎక్కడ పండబెట్టాలె సార్" అన్నడు. ఆ సారు నవ్వి, ఎమోషనల్‌గా ఆలోచించకండి, 560 స్క్వేర్ ఫీట్ల పక్కా ఇల్లు వస్తుంది, ముందు సంతకాలు పెట్టండి అన్నడు. పెట్టినం. పెట్టకపోతే పేరు తీసేస్తరేమోనని భయం.

ఇల్లు మంచిగనే ఉన్నది, అబద్ధం ఎందుకు. వానొస్తే గిన్నెలు పెట్టే పని లేదు, ఆడపిల్లలకి బాత్రూమ్ లోపల్నే ఉన్నది. కానీ పోయినేడు ఆ పెద్దాయననే పోయిండు. ఐదో ఫ్లోర్. లిఫ్ట్‌ల మనిషిని పండబెట్టేంత జాగ లేదు, మెట్ల మలుపుల పాడె తిరగదు. ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టి నడుముకి చీర కట్టి లిఫ్ట్‌ల దించినం, కొడుకు ఎదురుంగ నిలబడి తల వాలిపోకుండ రెండు చేతులతోని పట్టుకున్నడు. కింద పార్కింగ్‌ల స్కూటీలు జరిపి పండబెట్టినం, స్నానం పోసేటందుకు పంపు రూమ్ పక్కకి తీస్కపోయినం. డప్పు కొట్టేటోళ్లు గేటు బయటనే నిలబడ్డరు. అప్పుడు నాకు ఆ మీటింగే యాదికొచ్చింది. ఆయన ఆనాడు ఏడ్చుకుంట అడగలే, ప్లాన్‌ల ఏం తక్కువున్నదో చెప్పిండు, అంతే. కింద పదిహేను ఇరవై అడుగుల ఖాళీ జాగ ఇడిస్తే అయిపోవు.

మిర్చి బండి పెట్టుకునేటోళ్ల కథ సెపరేట్ ఉన్నది, బండిని ఐదో ఫ్లోర్ ఎక్కిస్తరా మరి.

మేమన్నా నయం, అదే జాగల పాత పక్కింటోళ్లతోని ఉన్నం. 2015 నవంబర్ల బోయిగూడ ఐడీహెచ్ కాలనీల 396 ఇండ్లు ఇచ్చిన్రు, అవి కూడ అదే బస్తీల, అక్కడి మనుషులకే, జీ ప్లస్ టూనే, అంటే కింది ఇండ్ల మీద రెండంతస్తులే. తర్వాత తర్వాత ఊరవతల పెద్ద పెద్ద బ్లాకులు లేచినయి, కొల్లూరుల ఒక్కచోటనే 15,660 ఇండ్లు, 2023 జూన్‌ల ఓపెన్ అయినయి. బస్తీ జాగల కట్టినయి కాకుండ మిగిలినయి ఆన్‌లైన్ డ్రా తీసి ఇచ్చిన్రు. డ్రాల తప్పేం లేదు, పైరవీ తగ్గుతది. కానీ ఎవరి పొల్లని ఎవరు చూస్తున్నరు అనేది కంప్యూటర్‌కి తెల్వదు కదా. మా చెల్లెకి అట్లనే ఊరవతల ఇల్లొచ్చింది, ఇదివరకు పొల్లని పక్కింటి ఖాలాజాన్ దగ్గర ఇడిచి దవాఖానల నైట్ డ్యూటీకి పోయేది, ఇప్పుడు పక్క ఫ్లాట్‌ల ఎవరున్నరో దానికే తెల్వది, డ్యూటీ బంద్ చేసింది. ఒకే బస్తీవి పది కుటుంబాలు కలిపి ఒక గుంపుగా డ్రా తీస్తే ఏం పోతది?

2024 సెప్టెంబర్ల మూసీ పక్కన ఇండ్లకి, కూలగొట్టేటందుకని ఎర్ర రంగు మార్కులు వేసినప్పుడు కూడ ఇదే అయింది. డబుల్ బెడ్రూమ్ ఇస్తమన్నా చాలామంది పోమన్నరు, పక్కా ఇల్లిస్తుంటే వీళ్లకేం రోగం అని ఫోన్లల్ల మెసేజ్‌లు పెట్టిన్రు కొందరు. ఇల్లొక్కటే జూస్తరు, పిల్లల స్కూల్, పనికి పోయే బస్సు, అప్పిచ్చే కిరాణం దుకాణం అన్నీ ఏడుంటయో చూడరు.

2025 జనవరిల గ్రామసభలు, వార్డు సభలు పెట్టిన్రు, మంచిదే. అక్కడ జరిగిందేంది, ఇందిరమ్మ ఇండ్ల లిస్టు చదివిన్రు, పేరు లేనోళ్లు కొట్లాడిన్రు, లేచిపోయిన్రు. ఇల్లు గురించి మాట్లాడేంత ఓపిక ఎవరికుంటది అప్పుడు.

నేనడిగేది పెద్ద పనేం కాదు. మీటింగ్ రాత్రి ఏడు తర్వాత పెట్టుండ్రి, ఆడోళ్లు అన్నం వండి వస్తరు. కాయిదం మీద ప్లాన్ మాకు సమజ్ కాదు, జాగ మీద సున్నంతోని గీసి చూపియ్యుండ్రి, ఎవరేమడిగిన్రో తెలుగుల ఉర్దూల రాసి గోడకి అతికించుండ్రి, సంతకాలు ఆ తర్వాత తీసుకోండ్రి.

మా పోచమ్మ గద్దె ఉన్న కాడ ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది, చుట్టూ ఇనుప జాలి కొట్టిన్రు. మొన్న బోనాలకి నాయనమ్మ ఆ జాలి బయటనే నిలబడి పసుపునీళ్లు చల్లి సాక పోసి వచ్చింది. వాచ్‌మన్ పాపం చూసి కూడ ఏమనలే.

ఇట్లు,
ఒక బస్తీవాసి, సికింద్రాబాద్