లీగ్ జమా ఖర్చులు, నిమిషాల లెక్కతో సహా

తల్లిదండ్రులకు, కోచ్‌లకు, రిఫరీలకు, మైదానం పక్కన నిలబడి గొంతు పోయేదాకా అరిచినవాళ్ళందరికీ నమస్కారం.

పన్నెండేళ్ళలోపు పిల్లల ఫుట్‌బాల్ లీగ్ ఈ సీజన్‌కి ముగిసింది. వచ్చిన సొమ్మెంత, అది ఎటు పోయింది అన్నది చెప్పడం కమిటీ బాధ్యత. ఈసారి దాంతోపాటు ఇంకో లెక్క కూడా చెప్పాల్సి వచ్చింది. రెండో వారం ఆటలు అయ్యాక ఒక తల్లి ఫీజు రసీదు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "రసీదు పూర్తి ఫీజుకి ఇచ్చారండీ. ఆట మాత్రం పావు వంతు కూడా ఇవ్వలేదు" అన్నారు. ఆవిడ ఫోన్‌లో టైమర్ పెట్టి మరీ చూశారు. 50 నిమిషాల ఆటలో వాళ్ళబ్బాయి మైదానంలో ఉన్నది 11 నిమిషాలు. మిగతా సేపంతా గట్టు మీద కూర్చుని షూ లేసులు విప్పుతూ మళ్ళీ కట్టుకుంటూ ఉన్నాడట. నా దగ్గర సొమ్ముకి చిట్టా ఉంది, ఓచర్లు ఉన్నాయి. నిమిషాలకి మాత్రం ఒక్క కాగితం కూడా లేదు. ఏం చెప్పను?

ముందు సొమ్ము సంగతి. అసలు మొత్తాలు, ఓచర్ నంబర్లు ఉన్న చిట్టా కమిటీ దగ్గరే ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఇక్కడ చదవడానికి వీలుగా వందకి ఎంత అన్న పద్ధతిలో రాస్తున్నాను.

జమ వందలో 71 పిల్లల ఫీజులు. 14 తల్లిదండ్రుల విరాళాలు. 9 జెర్సీ వెనక పేరు వేయించుకున్న వ్యాపారులు ఇచ్చినది. 6 పోయిన సీజన్ నిల్వ. జట్లు 8, జట్టుకి 12 మంది చొప్పున పిల్లలు 96 మంది. వీళ్ళలో 85 మంది పూర్తి ఫీజు కట్టారు. నలుగురికి సగం, ఏడుగురికి మొత్తం మాఫీ చేశాం. ఎవరికి చేశామన్నది ఇద్దరికి తప్ప కమిటీలో కూడా ఎవరికీ తెలియదు, కోచ్‌లకి అసలే తెలియదు. తెలియకూడదు కూడా. ఫీజు కట్టని పిల్లాడని ఎవరి నోటినుంచైనా ఒక్కసారి వచ్చిందంటే ఆ పిల్లాడు మళ్ళీ రాడు. ఈ మాఫీ ఖర్చు పద్దులో ఎక్కడా కనపడదు, అది రాని జమ. లెక్క కడితే తొమ్మిది పూర్తి ఫీజులంత. విరాళాల్లో దాదాపు సగం దీనికోసమే అని చెప్పి ఇచ్చినవి కాబట్టి ఆ గుంట పూడింది.

చిట్టాలోకి ఎక్కని సొమ్ము ఇంకొకటి ఉంది. ఒకరు మంచి మొత్తమే ఇస్తామన్నారు, కానీ "మావాణ్ణి బయట కూర్చోబెట్టకూడదు" అన్నారు. మర్యాదగా వద్దన్నాం. తీసుకోలేదు కాబట్టి జమలో లేదు, కానీ అడిగారన్నది మీకు తెలియాలని రాశాను.

ఇక ఖర్చు. అదే జమ వందలోంచి 32 మైదానం అద్దె, 21 రిఫరీలకి. జెర్సీలు, బిబ్‌లు (జెర్సీ మీద తొడుక్కునే రంగు బనియన్లు) 13. బంతులు, నెట్లు, కోన్లు 9. ఫస్ట్ ఎయిడ్, ప్రమాద బీమా 6. గోల్ పోస్టులు కదలకుండా బిగించడానికి 4. పతకాలు 3, ప్రింటింగ్ 2, స్టాప్‌వాచ్‌లు, నోటు పుస్తకాలు 1. మొత్తం 91. మిగిలింది 9. అయితే అందులో 4 మైదానం వాళ్ళ దగ్గర డిపాజిట్‌గా ఉంది, ఇంకా చేతికి రాలేదు. అంటే వచ్చే సీజన్‌కి ఇప్పుడు బ్యాంకులో ఉన్నది 5. పోయినసారి 6తో మొదలుపెట్టాం. బాగా నడిపామని గొప్ప చెప్పుకునే అంకె కాదిది. కోచ్‌లు ఒక్కరు కూడా జీతం తీసుకోలేదు, బిబ్‌లు ఉతకడం కొందరు ఇళ్ళల్లోనే కానిచ్చేశారు. అవన్నీ డబ్బిచ్చి చేయించుకుంటే నిల్వ ఎప్పుడో పోయేది.

గోల్ పోస్టుల పద్దు చూసి పోస్టుల మీద బరువు పెట్టే ఇసుక సంచులకి అంత ఖర్చా అని ఒకరిద్దరు అడిగారు. మావి మోసుకెళ్ళి పెట్టే పోస్టులు. పిల్లలు క్రాస్ బార్ పట్టుకుని వేలాడతారు, ఎన్నిసార్లు దింపినా మళ్ళీ ఎక్కుతారు. పోస్టు ముందుకి తిరగబడి మీద పడితే ప్రాణానికే ముప్పు. పోస్టుల్ని నేలకి గట్టిగా బిగించాలని ఆట నిబంధనల్లో మొదటిదే చెబుతోంది. ఈ పద్దులో బేరం ఆడలేదు, ఆడం కూడా.

బంతుల్లో మాత్రం తప్పు మాదే. మొదట కొన్నవి 5వ నంబరు బంతులు, అంటే పెద్దవాళ్ళు ఆడేవి. చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. ఈ వయసు పిల్లలకి మామూలుగా వాడేది 4వ నంబరు. అది 350 నుంచి 390 గ్రాములు ఉంటుంది. మొదటి ప్రాక్టీసులోనే ఒక అమ్మాయి మైదానం మూల నుంచి కార్నర్ కిక్ కొడితే బంతి గోల్ ముందుండే పెనాల్టీ ఏరియా దాకా కూడా రాలేదు, తను కాలు పట్టుకుని కూర్చుంది. మార్పించాం, కానీ ఆడిన రెండు బంతుల్ని షాపులో వెనక్కి తీసుకోలేదు. ఆ రెండూ గదిలో ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తే చెప్పండి. గాలి పంపు, సూదులు కొన్న రసీదు నా చేతుల్లోనే పోయింది. ఓచర్ లేనిది ఖర్చులో రాయకూడదు కాబట్టి రాయలేదు, అది నా జేబులోంచి పోయినట్టే.

ఇక నిమిషాలు.

మాది జట్టుకి ఏడుగురు మైదానంలోకి దిగే ఆట, 25 నిమిషాల చొప్పున రెండు సగాలు. జట్టుకి ఒక ఆటలో పంచడానికి ఉన్నవి 350 నిమిషాలు. 12 మందికి సమానంగా పంచితే తలా 29. జట్టుకి 14 మందిని చేర్చుకోమని కమిటీలోనే గట్టిగా అన్నవాళ్ళున్నారు. 16 మంది పిల్లలు పెరుగుతారు, ఫీజుల జమ ఆరో వంతు పెరుగుతుంది, మైదానం అద్దె పైసా పెరగదు. కాగితం మీద చాలా బాగుంటుంది. కానీ 29 కాస్తా 25 అవుతుంది, అదీ సమానంగా పంచితేనే. ఇంకో సలహా నాకౌట్ పెట్టమని. ఎనిమిది జట్లకి నాకౌట్ అంటే మొత్తం 7 ఆటలు. అందరితో అందరూ ఆడితే 28. రిఫరీల ఖర్చు నాలుగో వంతుకి దిగేది. కాకపోతే మొదటి రోజు సాయంత్రానికి 48 మంది పిల్లలు సంచులు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు, ఒక్క ఆట ఆడినందుకు సీజన్ ఫీజు కట్టి. ఈ రెండు చోట్లా మనం సొమ్ము వదులుకుని నిమిషాలు కొన్నాం. 21 అన్న రిఫరీల అంకె ఎక్కువగా కనిపిస్తే దాని వెనక ఉన్నది ఇదే.

కానీ నిమిషాలు కొంటే చాలదు, అవి పిల్లలకి చేరాలి కదా. మొదటి రెండు వారాలు అది కోచ్‌లకే వదిలేశాం. ఆ తల్లి వచ్చి వెళ్ళాక మూడో వారం నుంచి ప్రతి జట్టుకీ ఒక స్టాప్‌వాచ్, ఒక నోటు పుస్తకం ఇచ్చాం. ఆటని నాలుగు పావులు చేశాం, పావు అంటే పన్నెండున్నర నిమిషాలు. వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ కనీసం రెండు పావులు ఇవ్వాలి. జట్టుకి మొత్తం 28 పావులు, అందులో 24 ఇలా పోతాయి. మిగిలిన నాలుగూ కోచ్ ఇష్టం. పెద్దల ఫుట్‌బాల్‌లో మామూలుగా ఒకసారి బయటికి వచ్చిన ఆటగాడు మళ్ళీ లోపలికి వెళ్ళడు. పిల్లల ఆటలో తిరిగి దింపే వెసులుబాటుని నిబంధనలే ఇస్తున్నాయి, అది లేకపోతే ఈ పద్ధతి సాగదు. ఇది మేం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో 1964లో మొదలైన ఏవైఎస్‌ఓ అనే పిల్లల సాకర్ సంస్థలో ప్రతి ఒక్కరూ ఆటలో కనీసం సగం సేపు ఆడాలన్నది నియమం.

గోల్ కీపర్ దగ్గర పేచీ వచ్చింది. గోల్‌లో నిలబెట్టిన పావుని ఆడినట్టు లెక్కేయాలా? "అది ఆడటం కాదు అంకుల్, నిలబడటం" అన్నాడొకడు. వాడి మాటలో నిజం లేకపోలేదు, వాడి జట్టు 6-0తో గెలుస్తోంది మరి. చివరికి లెక్కేయాలనే అనుకున్నాం, కానీ ఇష్టం లేనివాణ్ణి ఒక ఆటలో ఒక పావుకి మించి గోల్‌లో పెట్టకూడదన్నాం.

మూడో వారం నుంచి 20 ఆటలు, ఆటకి జట్టుకొకటి చొప్పున పుస్తకాల్లో రాసిన పావుల షీట్లు 40. రెండు పావులు దక్కని సందర్భాలు 9. అందులో 5 దెబ్బ తగిలో, ఒంట్లో బాగోకో, పిల్లలే చాలన్నారు. మిగిలిన 4కి కారణం లేదు, గెలవాలన్న తొందర తప్ప. ఆ కోచ్‌లతో మాట్లాడాం. జరిమానాలేమీ వేయలేదు. తర్వాతి ఆటని ఆ పిల్లలతోనే మొదలుపెట్టించాం.

ఇంకో సంగతి దాచలేను. 40 షీట్లు వరస పెట్టి కూడితే కోచ్‌ల సొంత పిల్లలకి ఆ మిగిలిన నాలుగు పావులు కాస్త ఎక్కువగా అందినట్టు తేలింది. ఐదు ఆటల్లో ఒక్కొక్కరికి రావాల్సింది సగటున పదకొండున్నర పైచిలుకు పావులు. ఒకమ్మాయికి 14 వచ్చాయి. ఆ అమ్మాయి మా అమ్మాయే, ఆ జట్టు కోచ్‌ని నేనే. నియమం ఎక్కడా తప్పలేదు, పుస్తకం రాసిందీ నేనే. అయినా అంకె ఎదురుగా కనిపించేదాకా నాకు తట్టలేదు. వచ్చే సీజన్‌లో ఏ జట్టు పుస్తకం ఆ జట్టు కోచ్ రాయకూడదని, ఎదుటి జట్టు తాలూకు పెద్దవాళ్ళెవరైనా రాయాలని కమిటీలో నేనే ప్రతిపాదించాను.

చివరి వారం ఒక ఆట సమంగా నడుస్తోంది, 1-1. ఆఖరి పావు మొదలవుతోంది. ఒకడికి ఇంకా ఒక్క పావే అయింది. కోచ్ పుస్తకం చూశారు, గడియారం చూశారు, మళ్ళీ పుస్తకం చూశారు. జట్టులో అందరికన్నా జోరుగా ఆడుతున్నవాణ్ణి బయటికి పిలిచి వీణ్ణి లోపలికి పంపారు. ఆ పావులోనే గోల్ పడింది, వీడి పక్క నుంచే. జట్టు ఓడింది. ఆ కోచ్ మీటింగ్‌లో అడిగారు: "నేను నియమం పాటించాను. మిగతా పదకొండు మందీ గెలవడానికి కదా ఫీజు కట్టింది, వాళ్ళకేం చెప్పమంటారు?" ఆయన కోపం న్యాయమే. కమిటీ మాట ఏమిటంటే, ఈ వయసు లీగ్‌లో ఫీజు కట్టించుకున్నది ఆడిస్తామని, గెలిపిస్తామని కాదు. ఆ మాటకి ఆయన ఒప్పుకోలేదు. పన్నెండు దాటినవాళ్ళకి వేరే నియమం ఉండాలా అన్నది వచ్చే మీటింగ్‌లో మొదటి అంశంగా పెట్టాం.

చిట్టా, ఓచర్లు, 40 షీట్లు ఒకే చోట ఉంచాం. మీ పిల్లల పేరున్న షీటు మీరు చూసుకోవచ్చు, ఇంకొకరి పిల్లల షీట్లు బయటికి ఇవ్వం. తేడా కనిపిస్తే మీటింగ్‌కి ముందే చెప్పండి. రాతపూర్వకంగా ఇస్తే మంచిది.

కమిటీ తరఫున,
కోశాధికారి